కర్ణుడెందుకు వెళ్ళలేదు?

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఊడ్పులనాడు గట్టు మీద పులిహోర తింటూ చిన్ని అడిగిందిగా, "తాతయ్యా, కన్నతల్లే వచ్చి పిలిస్తే కర్ణుడు ఎందుకు వెళ్ళలేదు?" అని. నోట్లో ముద్ద ఉందని తప్పించుకున్నాను. నిజానికి జవాబు తోచలేదు.

ఇంటికొచ్చాక తోచింది. మీ కాళ్ళ దగ్గర ఆకు కట్టలు, అదే వరినారు, పడున్నాయి చూశారా? ఆకుమడిలో మొలిచిన వరిని నెల లోపే పీకి చేలో ఊడుస్తాం. నాలుగు రోజులు తలవాల్చేస్తుంది. తేరుకుని పచ్చబడిందంటే ఇక ఆ చేనిదే. కుంతి పెట్టెలో పెట్టి అశ్వనదిలో వదిలిన పసివాడు చర్మణ్వతి, యమున, గంగల మీదుగా చంపానగరం చేరాడు. పెంచిన తల్లి రాధ ఒళ్ళో వేరు పట్టాడు.

మీ ఈడులో నాకు ఊడ్చిన ఆకు మీద జాలేసింది. గుప్పెడు పీకి, తీసుకెళ్ళి పాత మడిలోనే గుచ్చొచ్చాను. రెండుసార్లు వేళ్ళు తెగిన ఆకు ఎర్రబడి కూచుంది. మా నాన్న చూసి, "ఇక దాన్ని కదపకు" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

అయితే ఈ పోలిక ఇంతవరకే. ఆకుమడి ఏనాడూ చేను దగ్గరికి నడిచి రాదు. కుంతి వచ్చింది. యుద్ధం నెత్తి మీదికొచ్చాక, మిగతా కొడుకుల కోసం వచ్చింది. అది కర్ణుడికీ తెలుసు. "రాధేయుణ్ణి" అని చెప్పుకునే నమస్కరించాడు. శత్రువు కూడా చేయని అపకారం చేశావని మొహాన్నే అన్నాడు. అన్నవాడే, అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని మాటిచ్చాడు, నీకెప్పుడూ ఐదుగురు కొడుకులుంటారన్నాడు. అంత కోపంలోనూ వట్టి చేతులతో పంపలేదు. మీరేమో పెన్సిలు ముక్క కోసం రెండ్రోజులు మాట్లాడుకోరు!

నన్ను పట్టుకున్నది మాత్రం ఇదంతా కాదు. కుంతి వచ్చేసరికి అతను గంగ ఒడ్డున తూర్పుకు తిరిగి, చేతులెత్తి జపం చేస్తున్నాడు. ఆమె పిలవలేదు. ఎండకు తాళలేక అతని ఉత్తరీయం నీడన నిలబడింది. వీపు కాలేదాకా జపం చేసి అప్పుడు తిరిగి చూశాడు. అంతకుముందు అస్త్రవిద్య ప్రదర్శించిననాడు అతన్ని దూరం నుంచే గుర్తుపట్టి మూర్ఛపోయిన మనిషి ఆమె. ఆ నీడలో అంతసేపూ ఏమనుకుందో నేను చెప్పలేను.

రేపు మబ్బు లేకపోతే, పొద్దున్నే చిన్ని డాబా మీద తూర్పుకు తిరిగి చేతులెత్తి నిలబడాలి. బుజ్జి వెనక ఆ నీడలో ఉండాలి. ఎండ పైకెక్కేకొద్దీ నీడ తప్పిపోకుండా బుజ్జి ఎంత దగ్గరికి జరగాల్సి వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య