వడదెబ్బ లెక్కలోకి రాని పసిబిడ్డలు

ఎండలు ముదిరాయి, వడదెబ్బ మృతుల లెక్క మీద మళ్లీ రచ్చ మొదలైంది. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచాక ఈ లెక్కకు గిరాకీ ఇంకా పెరిగింది. తహసీల్దారు, ఎస్సై, మెడికల్ ఆఫీసర్ ఉన్న కమిటీ తేలిస్తేనే అది వడదెబ్బ చావు. ఎండకు నెలలు నిండకుండానే కాన్పయితే ఆ బిడ్డ ఊసే ఉండదు.

2015లో తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బ చావుల గురించి అందరికీ తెలుసు. అసలు మలుపు అంతకు ముందే, 2010 మేలో, అహ్మదాబాద్‌లో ఉంది. ఎండ 46.8 డిగ్రీలు తాకింది. ఆ నెల మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. అక్కడి శారదాబెన్ మున్సిపల్ ఆసుపత్రిలో బాలింతల వార్డు పై అంతస్తులో ఉండేది, నెత్తిన తారు పూసిన నల్లటి కప్పు. ఆ ఎండల తర్వాత వార్డును కింది అంతస్తుకు దించారు. 2009 నుంచి 2011 దాకా మూడు వేసవుల రికార్డులు తిరగేస్తే తేలింది ఇది: 42 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి, వేడి దెబ్బతో పసికందుల ఐసీయూలో చేరినవారు 43 శాతం పెరిగారు. వార్డు కిందికి దిగాక ఆ ముప్పు 64 శాతం తగ్గింది. ఒక్క ఆసుపత్రి రికార్డులే కాబట్టి అంకెల్లో హెచ్చుతగ్గులకు చోటుంది. అయినా మందూ మాకూ కాదు, మెట్లు దిగడమే వైద్యమైంది. 2013లో ఆ నగరం వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది.

గర్భం పోవడానికి, నెలలు నిండని కాన్పులకు రక్తహీనత, బీపీ లాంటివి సవాలక్ష కారణాలని, ఎండనే ఎలా పట్టుకుంటామని ఎదురు వాదన. సరే, తమిళనాడు చూద్దాం. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు 800 మంది గర్భిణులను గమనించారు. పొలాలు, ఇటుక బట్టీలు, ఉప్పు మడుల్లో ఎండకు పనిచేసినవారిలో 5 శాతం మందికి గర్భం పోయింది, నీడపట్టున పనిచేసినవారిలో 2 శాతం మందికే. గాలి సంగతీ అదే సంస్థ వేరే అధ్యయనంలో చూసింది: పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే బిడ్డ బరువు సగటున 4 గ్రాములు తక్కువ. వినడానికి చిన్నదే. బట్టీ దగ్గర పొగ, సెగ రెండూ ఉంటాయి.

పెద్దపల్లి బట్టీలకు ఒడిశా నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. గర్భిణి అయినా ఇటుక మోయక తప్పదు. వానలకు ముందు సొంతూరు చేరాక అక్కడ కాన్పయితే, ఆ బిడ్డ బరువెంతో ఇక్కడి కమిటీకి తెలిసే దారి లేదు.