డిక్కీలో రెండో స్పీకర్

కారు డిక్కీలో బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్ బాక్సుల్లో కొన్నిటికి పోర్టు, అంటే గాలి ఆడే గొట్టంలాంటి దారి, ఉంటుంది. అలాంటి బాక్స్ గురించి ఎంతమందికి చెప్పినా నమ్మని సంగతి ఒకటుంది. బేస్ పోర్టులోంచి తన్నుకొచ్చే చోట వూఫర్ కోన్, అంటే స్పీకర్‌లో ఊగే గరాటు భాగం, దాదాపు కదలదు. కావాలంటే కళ్లతోనే చూడొచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, వాల్యూమ్ బాగా తగ్గించి, 60 హెర్ట్జ్ నుంచి ఒక్కో హెర్ట్జే దించుకుంటూ రండి. 50 దగ్గర కోన్ బాగానే ఊగుతుంటుంది. 40కి వచ్చేసరికి ఊపు తగ్గుతుంది. బాక్స్‌ను బట్టి మారుతుంది కానీ, 34, 35 దగ్గర ఎవరో చేత్తో పట్టి ఆపినట్టు నిలబడిపోతుంది, డిక్కీ మూత మాత్రం గడగడలాడుతూనే ఉంటుంది. అప్పుడు పోర్టు మూతి ముందు అగరుబత్తి పెట్టి చూడండి, పొగ తెగి చెల్లాచెదురైపోతుంది. ఇంకా దిగి 25కి పోతే కథ తిరగబడుతుంది. కోన్ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటుంది, శబ్దం మాత్రం పెద్దగా ఉండదు.

అనంతపురంలో కార్ డెకార్ షాపులకు వెళ్లి అడిగితే 'పన్నెండు ఇంచులకి ఇంత, పది ఇంచులకి ఇంత' అని రెడీమేడ్ బాక్సుల రేట్లు చెప్తారు. ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేశారో, అంటే పోర్టు గాలి ఏ స్వరం దగ్గర గట్టిగా ఊగుతుందో, చాలావాటి మీద రాసి ఉండదు, అడిగేవాళ్లూ తక్కువే. వూఫర్‌కు ఆరు పలకల పెట్టె ఒకటి ఉంటే చాలన్నది అందరి లెక్క. కానీ పోర్టు బాక్స్‌లో స్పీకర్లు రెండు. ఒకటి కాగితంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన కోన్, దాన్ని కంపెనీ చేసి పంపుతుంది. రెండోది పోర్టులో ఉన్న గాలి. దాన్ని తయారుచేసేది వడ్రంగి. అతని చేతిలో టేపు ఐదు సెంటీమీటర్లు తప్పితే ఆ స్పీకర్ రాగమే మారిపోతుంది.

కొళాయి కింద బిందె పెట్టినప్పుడు అది నిండుతున్నకొద్దీ చప్పుడు సన్నబడుతూ పోతుంది. పెరట్లో పని చేసుకుంటూ ఆ చప్పుడును బట్టే బిందె నిండిందని పసిగట్టి వచ్చి కొళాయి కట్టేస్తారు. బిందె మెడలో ఉన్న గాలికి బరువుంది, లోపలి గాలికి స్ప్రింగులాంటి సాగుడు గుణం ఉంది. నీళ్లు నిండేకొద్దీ లోపలి గాలి తగ్గి ఆ స్ప్రింగు బిగుసుకుంటుంది, స్వరం పైకి పోతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో ఈ లెక్క తేల్చాడు. పోర్టు బాక్స్ అచ్చం ఆయన చెప్పిన పాత్రే. లోపలి గాలి స్ప్రింగు, పోర్టులోని గాలి బరువు. బాక్స్ పెద్దదైతే స్వరం దిగుతుంది, పోర్టు పొడవు పెరిగినా దిగుతుంది, పోర్టు మూతి వెడల్పయితే ఎక్కుతుంది.

కోన్ ముందుకు తోసినప్పుడు దాని వెనక గాలి పల్చబడుతుంది. అంటే వెనక పుట్టే తరంగం ముందుదానికి సరిగ్గా వ్యతిరేకం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. పోర్టు ఈ వెనక తరంగాన్నే తిప్పి వాడుకుంటుంది. ట్యూనింగ్‌కు పైన పోర్టు గాలి కోన్‌తో పాటే బయటికొచ్చి దానికి తోడవుతుంది. సరిగ్గా ట్యూనింగ్ దగ్గర బాక్స్ లోపలి ఒత్తిడి తారస్థాయికి చేరి కోన్‌ను వెనక నుంచి అదిమిపడుతుంది, కోన్ ఆగుతుంది, పని అంతా పోర్టే చేస్తుంది. ట్యూనింగ్‌కు కింద ఆ అదుపు పోతుంది. పోర్టు ఒట్టి కన్నంలా మిగిలి, కోన్ ముందుకు పోతే అది వెనక్కి పీలుస్తుంది. వూఫర్లు చిరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే పోర్టు బాక్స్‌కు ఆంప్లిఫయర్‌లో మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ తప్పనిసరి. 34కి ట్యూన్ చేస్తే 28 దగ్గర పెట్టుకోవచ్చు.

ఈ ఉపాయానికి అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ థూరస్ 1932లో పేటెంట్ పొందాడు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు బాక్సులు అందాజుగానే చేసేవాళ్లు. ఏ స్పీకర్‌కు ఎంత బాక్స్, ఎంత పోర్టు అని లెక్క కట్టే పద్ధతిని 1961లో ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ రాశాడు. ఆ పత్రం అక్కడి పత్రికలో పదేళ్లు పెద్దగా ఎవరి కంటా పడకుండా ఉండి, 1971లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్ మళ్లీ అచ్చువేశాక ప్రపంచానికి అందింది. సిడ్నీలో రిచర్డ్ స్మాల్ దాన్ని మరింత విస్తరించాడు. ఇవాళ వూఫర్ డబ్బాలో వచ్చే కాగితం మీద ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని ఉండే అంకెలకు ఈ ఇద్దరి పేర్లే పెట్టారు. ఆ కాగితాన్ని పారేయకండి. అందులో ఎఫ్‌ఎస్‌ను (వూఫర్ సొంత స్వరం) క్యూఈఎస్‌తో (విద్యుత్ వైపు నుంచి దాని ఊపుకు పడే అదుపును చెప్పే అంకె) భాగిస్తే 100 దాటితే వూఫర్ పోర్టు బాక్స్‌కు పుట్టిందని, 50 లోపైతే మూసిన బాక్స్‌కు నప్పుతుందని, మధ్యలో ఉంటే ఎటైనా ఫరవాలేదని ఒక మోటు లెక్క.

ఇప్పుడు అసలు కొలతలు. పన్నెండు ఇంచుల వూఫర్, లోపల నికరంగా 50 లీటర్ల గాలి, ట్యూనింగ్ 34 హెర్ట్జ్ అనుకుందాం. గుండ్రటి పైపుకు సూత్రం ఇది: పైపు లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 23,562తో గుణించాలి. వచ్చినదాన్ని, ట్యూనింగ్ వర్గాన్ని లీటర్లతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. అందులోంచి వ్యాసానికి 0.73 రెట్లు తీసేయాలి. తీసేయడం ఎందుకంటే పైపు రెండు మూతుల బయట ఉన్న కాస్త గాలి కూడా లోపలిదానితో కలిసి ఊగుతుంది, పైపు తన కొలత కంటే పొడుగున్నట్టు ప్రవర్తిస్తుంది.

మన జిల్లాలో బోర్లకు కొదవ లేదు కాబట్టి నాలుగు ఇంచుల పి.వి.సి. పైపు ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. దాని బయటి వ్యాసం 110 మిల్లీమీటర్లు, లోపలిది గోడ మందాన్ని బట్టి మారుతుంది, లెక్కకు కావాల్సింది లోపలిదే. సులువుకు 10 సెంటీమీటర్లు అనుకుంటే పోర్టు పొడవు 33 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. చూడ్డానికి బాగుంది. కానీ ఆ పైపులో గాలి వేగమెంతో చూడాలి. గట్టిగా వాయించినప్పుడు పోర్టు గాలి అటు ముప్పావు లీటరు, ఇటు ముప్పావు లీటరు కదలాల్సి వస్తే, సెకనుకు 34 సార్లు కాబట్టి, ఆ సన్నటి పైపులో వేగం సెకనుకు 20 మీటర్లు దాటుతుంది. గంటకు 73 కిలోమీటర్లన్నమాట. సెకనుకు 17 మీటర్లు దాటితే పోర్టు బుసకొట్టడం మొదలుపెడుతుందని డిజైనర్ల అంచనా.

సరే, రెండు పైపులు పెడదామంటారు. వేగం సగమవుతుంది, నిజమే. అయితే మూతి రెట్టింపైతే అదే స్వరానికి పొడవు కూడా పెరగాలి. ఒక్కో పైపు 74 సెంటీమీటర్లు! 50 లీటర్ల బాక్స్‌లో అవి పట్టవు. కారు బాక్సుల్లో చెక్క గోడతో చేసే సందు పోర్టు వచ్చింది ఈ ఇబ్బంది వల్లే. లోపలి ఎత్తు 34, సందు వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు తీసుకుంటే మూతి వైశాల్యం 153 చదరపు సెంటీమీటర్లు. పొడవు 69 సెంటీమీటర్లు కావాలి. పక్క పలక వెంబడి లోపలికి పోయి, వెనక పలక దగ్గర మలుపు తిరిగి, దాని వెంబడి ఇంకొంత దూరం పోతుంది.

ఆ మలుపు దగ్గరే వడ్రంగితో తకరారు. ఆయన దృష్టిలో లోపలి గోడ అంటే ఆసరా, ఆసరా అన్నాక అటూ ఇటూ ఆనించాలి.

"ఈ గోడ వెనక దాకా పోనిద్దామప్పా, గట్టిగా ఉంటాది."

"వద్దన్నా, అక్కడ నాలుగున్నర సందు ఉండాల్సిందే."

"గాలి పోయేదానికా?"

"పోయేదానికీ, వచ్చేదానికీ."

గోడను వెనక పలకకు అంటించేస్తే బయటి నుంచి పోర్టు ముచ్చటగా కనిపిస్తుంది, లోపల మూసుకుపోయి ఉంటుంది. మూత బిగించాక ఎవరికీ తెలియదు. బిగించకముందే మలుపు దగ్గరా, చివరి మూతి దగ్గరా టేపు పెట్టి చూసుకోవాలి.

ఇంకో లెక్క చాలామంది మరిచిపోతారు. 50 లీటర్లు నికరం. సందులోని గాలి పదిన్నర లీటర్లు, గోడ చెక్క నాలుగు, వూఫర్ అయస్కాంతం, బుట్ట కలిపి మూడు, ఆసరా ముక్కలు అర. అన్నీ కలిపితే లోపలి కొలత 68 లీటర్లు. లోతు 36, ఎత్తు 34 పెట్టుకుంటే వెడల్పు 55న్నర సెంటీమీటర్లు వస్తుంది. పలకలు 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును అదిమి చేసే పలక) అయితే బయటి కొలతలు సుమారు 59, 40, 38 సెంటీమీటర్లు, అంటే డిక్కీలో ఆక్రమించేది 88 లీటర్లు. షీటు మాత్రం ఎనిమిది బై నాలుగులో సగం సరిపోతుంది. వూఫర్ లేకుండానే బరువు 17 కిలోల దాకా ఉంటుంది. ఎం.డి.ఎఫ్. నీళ్లు తాకితే ఉబ్బుతుంది, కారు కడిగేటప్పుడు జాగ్రత్త. అంచులన్నిటికీ జిగురు నిండుగా పట్టించి స్క్రూలు బిగించాలి. సన్నటి సందు మిగిలినా ఈలలాంటి చప్పుడు వస్తుంది, అగరుబత్తి పొగతోనే అది ఎక్కడుందో పట్టుకోవచ్చు.

34 ఎందుకు, 50 ఎందుకు కాకూడదు? ఇక్కడ కారే అడ్డం పడుతుంది. 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, కారు లోపలి పొడవు మూడు మీటర్లు కూడా ఉండదు. తరంగంలో సగం కూడా పట్టని చోట శబ్దం తరంగంలా పారదు, మొత్తం గాలి ఒక్కసారిగా బిగుస్తుంది, వదులవుతుంది. మామూలు కారులో ఇది 60 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలై, కిందికి పోయేకొద్దీ బేస్‌ను పెంచుతుంది, కాగితం మీద ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున. తలుపు సందులు, పల్చటి రేకు ఉంటాయి కాబట్టి నిజంగా అంత రాదు. మూసిన బాక్స్ తన స్వరం కింద ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ పడిపోతుంది, కారు దాన్ని చాలావరకు పూడ్చేస్తుంది. పోర్టు బాక్స్ 24 పడిపోతుంది, పైగా పడిపోయే ముందు కాస్త ఉబ్బుతుంది. దాన్ని 45, 50కి ట్యూన్ చేస్తే పోర్టు ఇచ్చే ఉబ్బు, కారు ఇచ్చే ఉబ్బు ఒకదాని మీద ఒకటి పడతాయి. సప్తగిరి సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర పక్క కారులోంచి ఏ పాటకైనా ఒకే 'దుబ్' వినిపిస్తుంటే చాలాసార్లు కారణం ఇదే. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, రీమిక్సుల్లో వేసే ఎలక్ట్రానిక్ బేస్ ఇంకా కిందికి పోతుంది. 32 నుంచి 36 మధ్య పెట్టుకుంటే రెండూ అందుతాయి. మెలడీలే వినేవాళ్లకు నన్నడిగితే పోర్టు వద్దంటాను. మూసిన చిన్న బాక్స్ చాలు, డిక్కీలో సామాను పెట్టుకోవడానికి చోటూ మిగులుతుంది.

చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ కరెంటుతో పెద్ద శబ్దం: మూడూ కావాలని అందరూ అడుగుతారు. కె.ఎల్.హెచ్. స్పీకర్ల సంస్థ స్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో ఒక నియమం ఉంది. మూడింట్లో రెండే దొరుకుతాయి. సామర్థ్యం, అంటే ఇచ్చిన కరెంటులో శబ్దంగా మారే వంతు, బాక్స్ పరిమాణంతో పాటు, అట్టడుగు ఫ్రీక్వెన్సీ ఘనంతో పాటు పెరుగుతుంది. అదే బాక్స్‌లో బేస్‌ను ఒక ఆక్టేవ్ కిందికి దించాలంటే సామర్థ్యం ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నమాట.

మే నెలలో అనంతపురం ఎండ ఈ లెక్కల్లోకీ దూరుతుంది. వేడి గాలిలో ధ్వని వేగం ఎక్కువ. 20 డిగ్రీల దగ్గర 34కి ట్యూన్ చేసిన బాక్స్ 42 డిగ్రీల దగ్గర 35 దాటుతుంది, ఎండలో నిలిపిన కారులో 60 డిగ్రీలైతే 36 దాటుతుంది. దీన్ని చెవి పట్టించుకోదు, మీరూ పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది కాయిల్ వేడి, అంటే కోన్‌ను ఊపే రాగి తీగ చుట్ట వేడి. మామూలు వూఫర్ 300 వాట్లు తిని శబ్దంగా మార్చేది ఒకటో రెండో వాట్లు, మిగతాదంతా వేడే. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది, కాయిల్ వంద డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 40 శాతం పెరిగి బేస్ నీరసపడుతుంది. దానికితోడు ట్యూనింగ్ దగ్గర కోన్ కదలదు కాబట్టి కాయిల్‌కు విసరాల్సిన గాలీ తగ్గుతుంది. ఒకే లోతు నోటును గంటలతరబడి మోగించే పాటలు వూఫర్‌ను వండేస్తాయి.

బయటివాళ్ల సంగతి కూడా ఒక ముక్క. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆ కొలత మన చెవిని అనుకరించే 'ఎ' తూకంలో ఉంటుంది, అది 40 హెర్ట్జ్ శబ్దంలో 35 డెసిబెల్స్ దాకా తగ్గించి చూపిస్తుంది. అసలు 90 ఉన్న బేస్ మీటర్ మీద 55 అని కనిపిస్తుంది. ఎదురింటి కిటికీ అద్దానికి ఆ తూకంతో పని లేదు, అది 90కే అదురుతుంది.

ఇక ఆంప్లిఫయర్. బాక్స్ వీపు ఖాళీగా ఉంది కదా అని దాని మీదే బిగించేస్తుంటారు. అదురుకు లోపలి టంకాలు వదులవుతాయి, పైగా వెనక సీటుకూ బాక్స్‌కూ మధ్య గాలి ఆడదు. డిక్కీ పక్క గోడకు ఒక ప్లై ముక్క బిగించి దాని మీద పెడితే చల్లగా ఉంటుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా తీసే లావు వైరుకు ఫ్యూజు ఆంప్ దగ్గర కాదు, బ్యాటరీ పక్కనే, అరమీటరు లోపు ఉండాలి. దారిలో ఎక్కడ వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా ఆ ఫ్యూజు ఒక్కటే మంటను ఆపేది.