అమ్మానాన్నలనూ తీసుకెళ్ళండి

చిన్నీకి, బుజ్జికి ఆశీస్సులు.

"తాతయ్యా, సైన్స్ టాక్‌కి ఇంటిల్లిపాదీ రావాలట. అదంతా వీడియోలో చూసుకోవచ్చు కదా!" అని రాశారు. మంచి ప్రశ్నే.

సైకిల్ నేర్చుకున్నప్పుడు ఏమైందో గుర్తుందా? వీడియోలు ఎన్ని చూసినా బ్యాలెన్స్ రాదు. ఎవరో ఒకరు వెనక సీటు పట్టుకుని మీతోపాటు పరిగెత్తాలి. టాక్ బాగా చెప్పేవాళ్ళు చేసేది అదే. మీ మొహాలు చూస్తూ, మీరు తడబడితే నెమ్మదిస్తారు. దారి కుదిరాక చెప్పకుండా చెయ్యి వదిలేస్తారు. అప్పటికి మీ బుర్ర దానంతటదే తొక్కుతుంటుంది. కొందరు చివరిదాకా సీటు వదలరు. అలాంటివి విని చప్పట్లు కొట్టి వచ్చేస్తాం, అంతే. వర్క్‌షాప్‌లో అయితే హ్యాండిల్ మీ చేతికే ఇస్తారు. ఒకటి రెండుసార్లు పడతారు, పడనివ్వండి.

లండన్‌లో మైకేల్ ఫారడే అని ఒక కుర్రాడు పుస్తకాలు బైండు చేసేవాడు. పెద్ద చదువు లేదు. 1812లో ఎవరో ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్స్ సంస్థలో, హంఫ్రీ డేవీ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా రాసి, చక్కగా బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడిగా చేరాడు. తనూ పెద్ద శాస్త్రవేత్త అయ్యాక, అక్కడే క్రిస్మస్ రోజుల్లో పిల్లలకు సైన్స్ ఉపన్యాసాలు 19 ఏళ్ళు ఇచ్చాడు. కొవ్వొత్తి ఒక్కదాని మీదే ఆరు ఉపన్యాసాలు!

నా చిన్నప్పుడు ఒక మాస్టారు నిండు గ్లాసు మీద అట్ట పెట్టి, తలకిందులు చేసి, అట్ట మీది చెయ్యి తీసేశారు. చుక్క పడలేదు. పిల్లలం కేకలు పెట్టాం. పక్కనున్న మా నాన్న మాత్రం లేచి, "ఎందుకండీ పడలేదు?" అని అడిగారు. ఆయనకు తెలియనిది ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చాక ఇద్దరం నేలంతా తడిపేశాం. అందుకే అమ్మానాన్నలు రావాలంటాను. సిగ్గుపడకుండా అడిగే పెద్దవాళ్ళను పిల్లలు చూడాలి.

టాక్‌కి ఇంకా టైముంటే ఈలోగా ఒక పని చేయండి. నాన్నను పక్కన పెట్టుకుని, ఫ్యాన్ ఆపి, కొవ్వొత్తి వెలిగించండి. కాసేపయ్యాక ఊదేయండి. తెల్లటి పొగ లేస్తుంది. అది ఆవిరిగా లేచిన మైనమే. వెంటనే వెలిగే అగ్గిపుల్లను వత్తికి తగలకుండా, కాస్త పైన ఆ పొగలో పెట్టండి. మంట పొగ మీదుగా కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. ఎంత ఎత్తు నుంచి దూకిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య