ఓక్లహోమా జట్టును మళ్ళీ కట్టిన తీరు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

అమెరికాలో జరిగే ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ పోటీల్లో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు 2025 జూన్ 22న ఇండియానా పేసర్స్‌ను ఫైనల్‌లోని ఏడో, ఆఖరి మ్యాచ్‌లో ఓడించి విజేతగా నిలిచింది. అంతకు మూడున్నరేళ్ళ ముందు, 2021 డిసెంబరు 2న, ఇదే జట్టు మెంఫిస్ గ్రిజ్లీస్ చేతిలో 152–79 తేడాతో చిత్తయింది. 73 పాయింట్ల అంతరంతో ఓడిన జట్టు ఎన్‌బీఏ చరిత్రలో మరొకటి లేదు. వరుసగా ఓడిపోతే మంచి కుర్రాళ్ళు దొరుకుతారనీ, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక కప్పు అదే వస్తుందనీ మీ వయసు పిల్లలు తేలిగ్గా అనేయడం వింటున్నాను. ఆ మాటలో నిజం కొంతే ఉంది. మిగిలిన సంగతి ఈ జట్టు కథలోనే తెలుస్తుంది కనుక దానిని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏమిటో చెప్పాలి. ఐపీఎల్‌లో ఆటగాడిని వేలంలో కొంటారని మీకు తెలుసు. ఎక్కువ పాడినవాళ్ళదే ఆటగాడు. ఎన్‌బీఏలోకి కొత్తగా వచ్చే యువకులకు వేలం ఉండదు. ఏటా వేసవిలో ముప్పై జట్లూ రెండు రౌండ్లలో వంతులవారీగా కొత్తవారిని ఎంచుకుంటాయి. ఆ వంతునే పిక్ అంటారు. బలహీనమైన జట్లకు ముందు వంతు, బలమైన జట్లకు చివరి వంతు వస్తాయి. మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడికి నాలుగేళ్ళ దాకా ముందే నిర్ణయించిన పట్టిక ప్రకారమే జీతం ఇస్తారు. జట్టు మొత్తం మీద జీతాలకు పరిమితి ఉన్న ఆటలో, పెద్ద ఆటగాడి స్థాయిలో ఆడే కుర్రాడు చిన్న జీతానికి దొరకడం ఎంత లాభమో ఆలోచించండి. పిక్‌లకు అంత గిరాకీ ఉండడానికి అసలు కారణం ఇదే. జట్లు తమ పిక్‌లను ఏళ్ళ ముందుగానే ఒకరికొకరు మార్చుకోవచ్చు కూడా.

అయితే బలహీనులకు ముందు వంతు ఇస్తే కావాలని ఓడిపోయేవాళ్ళు పుట్టుకొస్తారు. అందుకే 1985 నుంచి లాటరీ పెట్టారు. ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీలకు, చేరని 14 జట్ల కోసం 1 నుంచి 14 దాకా అంకెలు వేసిన బంతులను యంత్రంలో వేసి నాలుగింటిని తీస్తారు. నాలుగేసి చొప్పున 1001 కూర్పులు వస్తాయి. ఒకటి వదిలేసి మిగిలిన వెయ్యింటిని జట్లకు పంచుతారు. అట్టడుగు జట్టుకు మొదటి పిక్ దక్కే అవకాశం ఒకప్పుడు 25 శాతం ఉండేది. 2019లో దానిని మార్చి అడుగున ఉన్న మూడు జట్లకూ సమానంగా 14 శాతమే చేశారు. 2025లో 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న డల్లాస్‌కు మొదటి పిక్ తగిలి, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు దొరికాడు. కొద్ది నెలల క్రితమే తమ మేటి ఆటగాడు లూకా డోంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేశారని ఆ ఊరంతా మండిపడి ఉన్న సమయమది. డల్లాస్‌లో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు ఆ గొడవ నేను చెప్పనక్కరలేదు.

ముందు వంతు దొరికినంత మాత్రాన ఎంపిక సరైనదవుతుందన్న పూచీ కూడా లేదు. 2014లో నలభై మంది అయిపోయాక 41వ వాడిగా ఎంపికైన నికోలా యోకిచ్ మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. మరుసటి ఏడు 52వ పిక్‌తో డల్లాస్ ఎంచుకున్న పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్, భారతదేశంలో పుట్టి డ్రాఫ్ట్‌కు ఎంపికైన మొదటివాడు, ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

ఇక మన జట్టు సంగతి. దాని పాత ఊరు సియాటిల్. 2008లో ఓక్లహోమా సిటీకి మారింది. 2007 నుంచి జనరల్ మేనేజరుగా, అంటే ఆటగాళ్ళ ఎంపికలూ బేరాలూ చూసేవాడిగా, జట్టును నడిపిస్తున్నవాడు శామ్ ప్రెస్టీ. ఆయన 2007లో రెండో పిక్‌తో కెవిన్ డ్యురాంట్‌ను, 2008లో నాలుగో పిక్‌తో రస్సెల్ వెస్ట్‌బ్రుక్‌ను, 2009లో మూడో పిక్‌తో జేమ్స్ హార్డెన్‌ను తీసుకున్నాడు. ముగ్గురూ తరవాతి కాలంలో ఎంవీపీలయ్యారు. వరుసగా మూడేళ్ళు అంత సరిగ్గా ఎంచడం అపురూపం. అయినా కప్పు రాలేదు. 2012 ఫైనల్‌లో మయామీ చేతిలో ఓడిపోయారు. ఆ ఏడే జీతం దగ్గర మాట కుదరక హార్డెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. 2016లో డ్యురాంట్ తనంతట తానే గోల్డెన్ స్టేట్‌కు వెళ్ళిపోయాడు. ఇంతకంటె మంచి ఎంపికలు చేయడం ఎవరికీ సాధ్యం కాదు. అవి కూడా సరిపోలేదని గమనించండి.

2019 జులైలో అసలు మలుపు వచ్చింది. థండర్‌లో ఉన్న పాల్ జార్జ్ తమకు కావాలని లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ పట్టుబట్టింది. అతడు వస్తేనే కవై లెనర్డ్ అనే మరో మేటి ఆటగాడు తమ జట్టులో చేరతాడన్నది వారి తొందర. ఎదుటివారి తొందరను గుర్తించిన ప్రెస్టీ, జార్జ్‌కు బదులుగా ఐదు మొదటి రౌండ్ పిక్‌లు, మరో రెండేళ్ళ పిక్‌లను మార్చుకునే హక్కు, డానిలో గల్లినారీ, వీటితో పాటు ఒకే ఒక్క సీజన్ ఆడిన షాయ్ గిల్జస్ అలెగ్జాండర్ అనే కెనడా కుర్రాడినీ తీసుకున్నాడు. ఆ కుర్రాడే 2025లో సీజన్ ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ రెండూ అయ్యాడు. అతడు 2018 డ్రాఫ్ట్‌లో 11వ పిక్. ఓక్లహోమా అతడి కోసం ఓడిపోయింది లేదు, బేరమాడి తెచ్చుకుంది. ఓడిపోవడమే మార్గమనే వాదన నాకు ఇక్కడే వీగిపోయినట్లు అనిపిస్తుంది.

ఆ తరవాత ఓటములు కూడా వచ్చాయన్నది నిజమే. 2020–21లో 22 గెలుపులు, 50 ఓటములు. మరుసటి ఏడు 24, 58. ఒంట్లో ఏ బాధా లేని ఆల్ హోర్‌ఫర్డ్‌ను, అతడి సమ్మతితోనే అనుకోండి, 2021 మార్చి నుంచి సీజన్ చివరిదాకా ఆడించలేదు. ఇది నియమాలకు లోబడినదే కావచ్చు గాని, టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడి ముందు పూర్తి బలంతో ఆడకపోవడం నాకు నచ్చదు. పైగా అంత చేసినా 2021 లాటరీలో వాళ్ళకు ఆరో పిక్కే వచ్చింది. 2022లో రెండో పిక్ వచ్చి చెట్ హోమ్‌గ్రెన్ దొరికాడు. ఆ ఆగస్టులోనే సియాటిల్‌లో ఒక వేసవి ఆటలో కాలికి దెబ్బ తగిలి, మొదటి సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. అదే డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌తో జేలెన్ విలియమ్స్ వచ్చాడు. ఆ పిక్ జార్జ్ బేరంలో క్లిప్పర్స్ నుంచి వచ్చినది. మూడేళ్ళలో అతడు ఆల్‌స్టార్, అంటే ఏటా మేటి ఆటగాళ్ళతో ఆడించే ప్రత్యేక మ్యాచ్‌కు ఎంపికైనవాడు, అయ్యాడు.

మిగిలినవాళ్ళు వచ్చిన దారులు చూస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. లూ డోర్ట్‌ను 2019 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. ఐజయా జోను ఫిలడెల్ఫియా వదిలేస్తే వీళ్ళు పిలిచి తీసుకున్నారు. 2021లో ఆరో పిక్‌తో తెచ్చుకున్న జాష్ గిడ్డీని 2024లో ఇచ్చి, ఎదుటివారిని అడ్డుకోవడంలో దిట్ట అయిన ఆలెక్స్ కరూసోను తెచ్చుకున్నారు. అదే వేసవిలో ఐజయా హార్టెన్‌స్టైన్‌ను మంచి జీతమిచ్చి చేర్చుకున్నారు. కోచ్ మార్క్ డేనియో అంతకు ముందు వీళ్ళ అనుబంధ జట్టులోనే కుర్రాళ్ళకు ఆట నేర్పినవాడు. అన్ని ఓటముల మధ్య కూడా ఆయనను మార్చలేదు. నా దృష్టిలో ఏ పిక్‌కూ తీసిపోని నిర్ణయమది.

ఫిలడెల్ఫియా కూడా ఇదే పని ఇంకా గట్టిగా చేసింది. 2013లో శామ్ హింకీ ఆ జట్టు జనరల్ మేనేజరుగా వచ్చి ఏళ్ళ తరబడి ఓటములను ఓర్చుకోమన్నాడు. 2015–16లో ఆ జట్టు 82 ఆటల్లో పదే గెలిచింది. జోయెల్ ఎంబీడ్ లాంటి మేటి ఆటగాడు దొరికాడు కూడా. కానీ హింకీ వెళ్ళిపోయిన మరుసటి ఏడు, 2017లో, మొదటి పిక్ కోసం బాస్టన్‌కు తమ మూడో పిక్‌తో పాటు మరో మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చి మార్కెల్ ఫుల్ట్జ్‌ను ఎంచుకున్నారు. బాస్టన్ ఆ మూడో పిక్‌తో జేసన్ టేటమ్‌ను తీసుకుని 2024లో కప్పు గెలిచింది. అన్నేళ్ళు ఓపిక పట్టి, ఒక్క కుర్రాడి మీద అంత పణంగా పెట్టడం నాకు తొందరపాటుగానే తోస్తుంది. ప్రెస్టీ మాత్రం ఏ ఒక్క పిక్ మీదా ఆధారపడకుండా, నాలుగు తప్పినా రెండు ఫలించేటన్ని కూడబెట్టుకున్నాడు.

కప్పు గెలిచిన నెలలోనే 2012 నాటి చిక్కు మళ్ళీ ఎదురైంది: కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, జీతాలు పెరగాలి. ఈసారి ముఖ్యులెవరినీ వదులుకోలేదు. షాయ్‌తో నాలుగేళ్ళకు 28.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. హోమ్‌గ్రెన్, విలియమ్స్‌లతోనూ పెద్ద ఒప్పందాలే కుదిరాయి. ఈ ముగ్గురి జీతాలూ భరించాలంటే మిగిలిన స్థానాల్లో పట్టిక జీతానికి ఆడే కొత్త కుర్రాళ్ళు ఎప్పటికప్పుడు రావాలి. అందుకే గెలిచిన ఆ వేసవిలో కూడా ప్రెస్టీ చాలా పిక్‌లను దాచుకున్నాడు. అప్పుడు వాటిలో 2026 నాటి క్లిప్పర్స్ మొదటి రౌండ్ పిక్ కూడా ఉండేది. అదీ 2019 జులై బేరంలో రాయించుకున్నదే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య