పాత కోడ్‌ను ఎవరు మోయాలి?

2014 అక్టోబరులో పారిస్‌లో జరిగిన ఎన్‌జీ-యూరప్ సదస్సులో యాంగ్యులర్ బృందం తమ ఫ్రేమ్‌వర్క్ (వెబ్ అప్లికేషన్లు కట్టడానికి పునాదిగా వాడే రెడీమేడ్ కోడ్) రెండో వెర్షన్‌లో ఏమేం ఉండవో చెప్పింది. కంట్రోలర్లు ఉండవు, స్కోప్ ఉండదు, మాడ్యూళ్లు రాసే పాత పద్ధతి ఉండదు. అప్పటికే యాంగ్యులర్‌తో అప్లికేషన్లు కట్టినవాళ్లు రోజూ రాసేది అవే. పాత కోడ్‌ను కొత్తదానిలోకి ఎలా తేవాలో ఆ రోజున స్పష్టమైన దారి చూపలేదు. ఫ్రేమ్‌వర్క్‌లు ఎంత వేగంగా మారాలన్న వాదన ఇప్పటికీ ఇంత వేడిగా సాగుతోందంటే, దాని వెనుక ఆ ప్రకటన పాత్ర చాలా ఉంది.

మార్పుకు కారణాలు లేకపోలేదు. పేజీలో ఏ చిన్న మార్పు జరిగినా పాత యాంగ్యులర్ స్క్రీన్‌తో ముడిపడిన ప్రతి విలువనూ తీసి, పాతదానితో పోల్చి చూసేది. విలువలు వందల్లో ఉన్నంతవరకు సరే, వేలకు చేరితే పేజీ మొరాయించేది. ఫోన్లలో మరీను. పునాదిలోనే ఉన్న ఇబ్బందిని పైపై మరమ్మతులతో తీర్చడం కష్టం. అందుకే తిరగరాయడాన్ని నేను తప్పుపట్టను. ఆ భారమంతా వాడేవాళ్ల నెత్తిన పడటమే బాధ కలిగిస్తుంది. రెండు వెర్షన్లనూ పక్కపక్కనే నడిపే సాధనం తర్వాత వచ్చింది, 2016 సెప్టెంబరులో రెండో వెర్షనూ వచ్చింది. ఈలోగా చాలామంది ఫేస్‌బుక్ తయారుచేసిన రియాక్ట్ అనే పోటీ సాధనం వైపు వెళ్లిపోయారు. పాతదానికి మద్దతు 2021 డిసెంబర్ 31తో ముగిసింది.

సర్వర్ వైపు కోడ్‌కు వాడే పీహెచ్‌పీ భాష వాళ్లకు ఈ దెబ్బ అంతకుముందే తగిలింది. 2011లో వచ్చిన సింఫనీ 2 (సింఫనీ పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) దాని మొదటి వెర్షన్‌తో పొసగని కొత్త కట్టడం. అక్కడ నేర్చుకున్నది మాత్రం విలువైనది. 2015 నవంబరులో 2.8, 3.0 రెండూ కలిసే వచ్చాయి. ఫీచర్లు దాదాపు ఒకటే, 3.0లో పాత పద్ధతులను తీసేశారు, అంతే. మీ కోడ్‌ను 2.8 మీద నడిపితే, పోబోయే మెథడ్‌ను (పేరుతో పిలిచి వాడుకునే కోడ్ ముక్కను) పిలిచిన చోటల్లా వార్నింగ్ వస్తుంది, దాని బదులు ఏం వాడాలో కూడా చెబుతుంది. వార్నింగులన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటూ పోతే, 3.0కు మారే రోజున టెన్షన్ ఉండదు. అదే ఏడాది ఆగస్టులో ఎంబర్ అనే మరో ఫ్రేమ్‌వర్క్ 2.0 వెర్షన్ కూడా ఇలాగే వచ్చింది. ఆరు వారాలకో వెర్షన్ చొప్పున కొత్తవి చేర్చుకుంటూ వచ్చి, పెద్ద వెర్షన్‌లో పాతవి తీసేశారు.

రియాక్ట్ మరో దారి పట్టింది. 2019 ఫిబ్రవరిలో 16.8తో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక కాంపొనెంట్ (పేజీలోని ఒక్కో భాగం) రాసే తీరే మారిపోయింది. అయినా క్లాసులతో రాసిన పాత కాంపొనెంట్లు చెక్కుచెదరకుండా నడిచాయి. ఫేస్‌బుక్‌లోనే అలాంటివి వేలల్లో ఉన్నాయని, వాటిని తిరగరాసే ఉద్దేశం లేదని బృందం ముందే చెప్పింది.

బ్రౌజర్లకైతే పాతది తీసేసే వెసులుబాటే లేదు. ప్రతి సైటూ తన ఫ్రేమ్‌వర్క్‌ను తనే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి పాత వెర్షన్‌లోనే ఉండిపోవచ్చు. బ్రౌజర్ మాత్రం కొత్త సైట్లకూ పాత సైట్లకూ ఒకటే. 2018లో బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో ‘ఫ్లాటెన్’ అనే మెథడ్ చేర్చబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ (ఎవరైనా వాడుకునేలా రాసిపెట్టిన కోడ్) అదే పేరు వాడుకుందని, దాని మీద నడిచే సైట్లు పాడవుతాయని తేలింది. చివరికి కొత్త మెథడ్ పేరునే ‘ఫ్లాట్’గా మార్చారు.

ఇంకా తెగని చిక్కు ఫ్రేమ్‌వర్క్ చుట్టూ ఉండే లైబ్రరీలది. వ్యూ అనే ఫ్రేమ్‌వర్క్ మూడో వెర్షన్ 2020 సెప్టెంబరులో వచ్చింది, పాత కోడ్ కోసం ప్రత్యేక బిల్డ్ కూడా తర్వాత ఇచ్చారు. కానీ బటన్లు, ఫారాలు, పట్టికల కోసం ఎంతోమంది ఆధారపడిన వ్యూటిఫై లైబ్రరీ దానికి సిద్ధమయ్యేసరికి 2022 చివరైంది. అప్పటిదాకా ఆ ప్రాజెక్టులు కదలడానికి లేదు. వ్యూ 2కు మద్దతు 2023 డిసెంబర్ 31తో ఆగిపోయింది. మారలేకపోయినవాళ్లకు డబ్బు తీసుకుని సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చే కంపెనీ ఉందని వ్యూ బృందమే సూచించింది.