తిరుపతి ఎండలో ఫిల్ము కడగడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫిల్ము కెమెరాలు వాడేవాళ్ళం ఒకచోట చేరి రీళ్ళు కడిగే (డెవలప్ చేసే) రోజున, ప్రింట్లు వేసే రోజున కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు. కొన్ని చల్లటి దేశాల పుస్తకాలు చదివి వచ్చిన భయాలు, కొన్ని పాత స్టూడియోల్లో విన్న మాటలు. మన ఊరి నీళ్ళ సంగతి మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు, ఆ మాటల్లోనూ ఉండదు. కెమెరా ఎంత మంచిదైనా నీటి వేడి, నీటిలోని ఉప్పు చూసుకోకపోతే నెగటివ్ పాడవుతుంది. అందుకే ఇక్కడ ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాం.

అపోహ: ఫిల్ము తయారీయే ఆగిపోయింది.

ఆగిపోయింది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్. వాళ్ళ 'ఇందు' రీళ్ళు ఇక రావు. ఇంగ్లండులో ఇల్ఫర్డ్, అమెరికాలో కొడాక్, చెక్ రిపబ్లిక్‌లో ఫోమా నలుపు తెలుపు ఫిల్ము తయారుచేస్తూనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

అపోహ: నలుపు తెలుపు రీలు కూడా కలర్ ల్యాబ్‌లో ఇచ్చేయొచ్చు.

ఇస్తే ఖాళీ ఫిల్ము తిరిగొస్తుంది. కలర్ నెగటివ్ కడిగే పద్ధతిని సీ-41 అంటారు. అందులో బ్లీచు, ఫిక్సరు అనే మందులు కలిసి ఫిల్ములోని వెండినంతా తీసేస్తాయి, రంగు మాత్రమే మిగులుతుంది. మామూలు నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ అంటేనే వెండి. అది పోయాక మిగిలేది ఉత్త ప్లాస్టిక్కు. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ లాంటివి సీ-41 కోసమే చేసినవి కాబట్టి వాటికి భయం లేదు. డబ్బా మీద సీ-41 అని ఉందో లేదో చూసి ఇవ్వండి.

అపోహ: ఎర్ర లైటు వెలుగులో ఫిల్ము కడగొచ్చు.

ఎర్ర లైటు కాగితానికి, అంటే ప్రింటుకు. ఇప్పుడు మనం వాడే ఫిల్ములు దాదాపు అన్నీ ఎరుపును కూడా పట్టేస్తాయి, కాబట్టి వాటికి కటిక చీకటి కావాలి. ఆ చీకటి కూడా రీలును గాడి ఉన్న చుట్టుకు ఎక్కించి, దాన్ని వెలుగు చొరని ట్యాంకులో పెట్టి మూత బిగించేదాకే. ఆ తర్వాత పనంతా వంటింటి గట్టు మీద పగటి వెలుగులోనే చేసుకోవచ్చు.

ఇక్కడ మన ఎండ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఛేంజింగ్ బ్యాగులో, అంటే వెలుగు చొరని సంచిలో, చేతులు పెట్టిన ఐదు నిమిషాలకే చెమట పడుతుంది. ఆ తేమకు ఫిల్ము మీద బొమ్మను పట్టే జెలటిన్ పొర ఉబ్బి, ప్లాస్టిక్ చుట్టు గాడిలో ఫిల్ము ఇరుక్కుంటుంది. బలవంతంగా తోస్తే మడత పడుతుంది. ఆ మడత దగ్గర నెగటివ్ మీద గోరు గుచ్చినట్టు నెలవంక ఆకారంలో నల్ల మచ్చ మిగులుతుంది. కాబట్టి బ్యాగు పక్కనపెట్టి, రాత్రి పూట కిటికీకి నల్లగుడ్డ కట్టిన పొడి గదిలో ఎక్కించండి. చుట్టును ముందురోజే కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. గాడి మొదట్లో ఉండే చిన్న స్టీలు గుండ్లకు తడి ఉంటే అవి కదలవు. ఫిల్ము మొదటి అంచు రెండు మూలలనూ కత్తెరతో కొద్దిగా గుండ్రంగా కత్తిరిస్తే సాఫీగా వెళుతుంది. ఒక పాత రీలుతో పట్టపగలు పదిసార్లు, కళ్ళు మూసుకుని పదిసార్లు ఎక్కించి చూశాకే అసలు రీలు ముట్టుకోండి.

అపోహ: ఏసీ లేకుండా ఈ ఎండల్లో 20 డిగ్రీలు సాధ్యం కాదు, కాబట్టి ఫిల్ము కడగలేం.

20 డిగ్రీలే ఉండాలన్న నియమం ఏదీ లేదు. పుస్తకాల్లో సమయాలను ఆ వేడికి లెక్కగట్టి ఇచ్చారు, అంతే. 24 డిగ్రీల దగ్గర చక్కగా కడగొచ్చు. ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ సమయాన్ని దాదాపు పదో వంతు తగ్గించాలి. ఉదాహరణకు ఐఎస్ఓ 400 వేగం దగ్గర తీసిన ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు డి-76 అనే డెవలపరును (బొమ్మను బయటికి తెచ్చే మందును) 1+1గా, అంటే సగం మందు సగం నీళ్ళుగా కలిపితే, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పడుతుంది. 24 దగ్గర ఏడున్నర నిమిషాలు చాలు. అదే మందును నీళ్ళు కలపకుండా వాడితే 20 దగ్గర ఏడున్నర, 24 దగ్గర ఐదు నిమిషాల పైచిలుకు. ఐదు నిమిషాల లోపుకి దిగితే మందు ఫిల్మంతటా సమంగా పనిచేయకముందే సమయం అయిపోయి, ఆకాశంలో చారలు పడతాయి. అందుకే వేసవిలో 1+1 మేలని మా గట్టి అభిప్రాయం. 35 మి.మీ. రీలు ఒకటి పట్టే ప్లాస్టిక్ ట్యాంకుకు 300 మి.లీ. కావాలి: డి-76 150, చల్లటి నీళ్ళు 150. ఒకసారి వాడాక పారబోయాల్సిందే.

24కి దించడం ఎలా? మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, వాటి జోలికి పోవద్దు. ముందురాత్రే బకెట్లలో పట్టి నేల మీద ఉంచండి. మట్టి కుండలో పోసి తడిగుడ్డ చుడితే ఇంకొన్ని డిగ్రీలు దిగుతుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో కుండ బాగా చల్లబరుస్తుంది, అక్టోబరు, నవంబరు వానల్లో గాలి తేమగా ఉంటే అంత పనిచేయదు. ఆపైన ఐసు వాడుకోవాలి. ఐసుగడ్డలను నేరుగా మందులో వేస్తే అది పలచబడి లెక్క తప్పుతుంది. ఖాళీ పాలకవర్లలో నీళ్ళు నింపి, మూతి కట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. వెడల్పాటి టబ్బులో నీళ్ళు పోసి, డెవలపరు, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను వెలుగుకు చెడకుండా నిలిపే ఫిక్సరు సీసాలు అందులో నిలబెట్టి, ఆ కవర్లు వేస్తూ తీస్తూ ఉంటే వేడి అదుపులో ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది చివరి కడుగుడు నీళ్ళు. డెవలపరును శ్రద్ధగా 24కి తెచ్చి, చివర్లో ట్యాంకును తిన్నగా కుళాయి కింద పెట్టేస్తారు. ఒక్కసారిగా పదీ పన్నెండు డిగ్రీల తేడా తగిలితే జెలటిన్ ముడుచుకుని, భూతద్దంలో చూస్తే ఎండిన చెరువు అడుగులా నెర్రెలు కనిపిస్తాయి. దీన్ని రెటిక్యులేషన్ అంటారు. ఇప్పటి ఫిల్ములు గట్టివే కాబట్టి ప్రతిసారీ జరగదు, జరిగితే మాత్రం దిద్దలేం. మొదటి మందు నుంచి చివరి నీళ్ళ దాకా అన్నీ ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి.

అపోహ: ఫిక్సరు అయ్యాక ఫిల్మును అరగంట కుళాయి కింద కడగాలి.

నీళ్ళకు కటకటలాడే ఊళ్ళలో ఈ మాట చాలామందిని ఆపేస్తోంది. జెలటిన్‌ను గట్టిపరిచే మందు కలవని ర్యాపిడ్ ఫిక్సరు వాడితే మూడు ట్యాంకుల నీళ్ళు సరిపోతాయి. ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయండి. మళ్ళీ నింపి పదిసార్లు, మూడోసారి ఇరవైసార్లు. ఇల్ఫర్డ్ చెప్పే పద్ధతే ఇది. మొత్తం కలిపినా లీటరుకు మించదు.

బోరు నీళ్ళతో కడగడం వరకు ఫర్వాలేదు. ఆఖరి ముంపు మాత్రం ఆర్వో నీళ్ళలోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో ఉండాలి. లేకపోతే స్టీలు గ్లాసు మీద బోరు నీళ్ళు ఆరితే పడే తెల్ల మరకే నెగటివ్ మీదా పడుతుంది, ఆకాశం ఉన్నచోట ప్రింటులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ నీళ్ళలో వెటింగ్ ఏజెంటు (నీళ్ళు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు) 200 పాళ్ళకు ఒక పాలు చాలు, ఎక్కువైతే దాని మరకే మిగులుతుంది. ఫ్యాను కింద ఆరేయొద్దు, దుమ్మంతా తడి జెలటిన్ మీదికే వస్తుంది.

అపోహ: హైపోలో, అంటే ఫిక్సరుగా వాడే సోడియం థయోసల్ఫేటులో, కాస్త వెనిగర్ పోస్తే త్వరగా పనిచేస్తుంది.

నేరుగా పోస్తే హైపో విరిగిన పాలలా తెల్లబడి, గంధకం వాసన కొడుతుంది. హైపో విడిపోయి గంధకం బయటపడటమే దానికి కారణం. ఆమ్ల ఫిక్సరు చేయాలంటే ముందు సోడియం సల్ఫైటు కలిపి తీరాలి. ఆమ్లం లేని ఉత్త హైపో అయితే లీటరుకు 250 గ్రాములు వేసి, పది నిమిషాలు ఉంచితే మామూలు ఫిల్ముకు సరిపోతుంది. హైపో కరిగేటప్పుడు నీళ్ళు బాగా చల్లబడతాయి, కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో కలపండి.

ఫిక్సరు బతికుందో లేదో రంగు చూసి చెప్పలేం. కత్తిరించి పారేసే ఫిల్ము ముక్క మీద ఒక చుక్క ఫిక్సరు వేసి, అర నిమిషం ఆగి, ముక్కంతా ముంచండి. చుక్క పడిన చోటు చుట్టూ ఉన్న పాలరంగు పోయి, చుక్క కనబడకుండా కలిసిపోవడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దానికి రెట్టింపు సమయం ఫిల్మును ఫిక్సరులో ఉంచాలి. కొత్త ఫిక్సరుకు పట్టిన సమయానికి రెండింతలు పడుతోందంటే దాన్ని మార్చేయాల్సిందే. వాడిన ఫిక్సరులో వెండి ఉంటుంది, సెప్టిక్ ట్యాంకులో పోయకండి. క్యాన్‌లో దాచి, ఎక్స్‌రే ఫిల్ముల నుంచి వెండి తీసేవాళ్ళకు ఇవ్వండి.

అపోహ: వెలుతురు తక్కువైన రీలును డెవలపరులో ఇంకాసేపు ఉంచితే సరిపోతుంది.

చంద్రగిరి కోటలో రాజమహల్‌ను మిట్టమధ్యాహ్నం ఎండ పడిన గోడకు లెక్కచూసి తీశారనుకోండి. కమానుల కింది నీడ ఫిల్ము మీద అసలు పడనే లేదు. ఎంతసేపు కడిగినా నల్లబడేది ఎండ పడిన గోడే. నీడల్లో వివరం ఎక్స్‌పోజర్‌తోనే, అంటే తీసేటప్పుడు ఫిల్ముకు అందిన వెలుతురుతోనే వస్తుంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఫిల్ము అంచే చెబుతుంది. ఫ్యాక్టరీలో వేసిన ఫ్రేము నంబర్లు అంచున నల్లగా ఉండి బొమ్మ పలచగా ఉంటే ఎక్స్‌పోజర్ తక్కువైంది. నంబర్లు కూడా వెలవెలబోతే డెవలపింగ్ తక్కువైంది. నంబర్లు బాగుండి బొమ్మే లేకపోతే రీలు కెమెరాలో తిరగలేదు. నంబర్లు కూడా లేకుండా అద్దంలా ఉంటే డెవలపరు చచ్చిపోయి ఉండాలి, లేదా పొరపాటున ఫిక్సరు ముందు పోసి ఉండాలి.

అపోహ: ఎర్ర జీరో బల్బు పెడితే అదే సేఫ్‌లైటు (ప్రింటు కాగితాన్ని పాడుచేయని లైటు).

ఎర్ర రంగు పూసిన బల్బుల్లోంచి తెల్ల వెలుగు కారుతుంది. పరీక్ష సులువు. ప్రింటు కాగితాన్ని ఎన్లార్జర్ (నెగటివ్ బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రం) కింద లేత బూడిదరంగు వచ్చేంత మాత్రమే వెలుగు చూపించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి, ఐదు నిమిషాలు ఆ లైటు కింద ఉంచి డెవలప్ చేయండి. బిళ్ళ ఆకారం కనిపిస్తే ఆ లైటు పనికిరాదు. ముందుగా కొద్దిగా వెలుగు చూపించకుండా ఉత్త తెల్ల కాగితంతో చేస్తే, లైటు చెడ్డదైనా మంచిదనే తేలొచ్చు.

ఆ ఎర్ర వెలుగులో ప్రింటు ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తుంది. కంగారుపడి ముందే బయటకు లాగితే నలుపు నిండని, బురద రంగు ప్రింటు వస్తుంది. ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) కాగితానికి ఒక నిమిషం, ఫైబర్ (ఆ పూత లేని) కాగితానికి రెండు నిమిషాలు గడియారం చూసి పూర్తిగా ఉంచండి. అప్పటికీ మరీ నల్లగా ఉంటే ఎన్లార్జర్ కింద సమయం తగ్గించి ఇంకో కాగితం తీయండి.