మొదటి ముద్దతోనే మాత్ర ఎందుకు?

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిన్నూ, బుజ్జీ,

తాతయ్య అన్నం మొదటి ముద్దతోపాటే షుగర్ మాత్ర ఎందుకు మింగుతారని సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగారు కదా. అరిసెల హడావుడిలో చెప్పలేకపోయాను.

ముందు ఒక పని చేయండి. కూర కలపని తెల్లన్నం నోట్లో పెట్టుకుని, మింగకుండా రెండు నిమిషాలు నమలండి. మెల్లగా తియ్యగా అవుతుంది. అన్నంలోని పిండిపదార్థం అంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన పొడవాటి దండ. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని తెంపుతుంది. ఆ ముక్కలను చిన్నపేగు గోడకు అంటుకుని ఉండే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైములు విడి పూసలుగా చేస్తాయి. విడి పూసలే రక్తంలోకి వెళ్లగలవు.

తాతయ్య మాత్ర పేరు వోగ్లిబోస్. దాని అణువు చక్కెర అణువును పోలి ఉంటుంది. పేగులోని ఎంజైమ్ దాన్ని పట్టుకుంటుంది గానీ తెంపలేదు. అలా చేతులు కట్టేసినట్టు ఉండటంతో అన్నం నిదానంగా అరుగుతుంది, షుగర్ ఒక్కసారిగా పెరగదు. తిన్న గంటకు వేసుకుంటే, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. అరగని పిండిని పెద్దపేగులో బాక్టీరియా పులియబెడతాయి. మొదట్లో ఆయన కడుపుబ్బరంతో బాధపడింది అందుకే.

డీపీపీ-4 అనే ఎంజైమ్ కథ నాకు ఇంకా ఇష్టం. మనం తినగానే పేగు నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ బయలుదేరి, ఇన్సులిన్ వదలమని క్లోమానికి కబురు చెబుతుంది. డీపీపీ-4 దాన్ని రెండు మూడు నిమిషాల్లోనే కత్తిరించేస్తుంది. ఆ కత్తెరను ఆపే సిటాగ్లిప్టిన్ అనే మందుకు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. ఒంట్లో ఉన్న కబురునే కాపాడటం ఎంత చక్కటి ఆలోచనో చూడండి! మన దేశంలో 2022లో పేటెంట్ ముగిసి దాని ధర బాగా తగ్గింది. పెన్షన్ మీద బతికేవాళ్లకు అది పెద్ద ఊరట.

అన్ని ఎంజైములూ ఇలా లొంగవు. పీటీపీ1బీ అనే ఎంజైమ్ ఇన్సులిన్ చెప్పే మాటను కణంలో ఆపేస్తుంది. అది లేని ఎలుకల్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని 1999లోనే తెలిసింది. కానీ దాన్ని పోలిన మంచి ఎంజైములు చాలా ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా దీన్నొక్కదాన్నే ఆపడం చాలా కష్టమైంది.

కిందటేడాది ఆర్కే బీచ్‌లో నడుస్తుండగా తాతయ్యకు చెమటలు పట్టి చేతులు వణికాయి. ఆయన వేసుకునే ఇంకో మాత్ర ఇన్సులిన్‌ను పెంచుతుంది, దాంతో షుగర్ పడిపోయింది. టీ బండి అబ్బాయి పరుగున పంచదార తెచ్చాడు, కానీ అది వెంటనే పనిచేయదు. పంచదారను విడగొట్టే ఎంజైమ్‌ను కూడా వోగ్లిబోసే ఆపేసింది కదా! నా సంచిలోని గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాక తేరుకున్నారు. గ్లూకోజ్‌ను తెంపడానికి ఏ ఎంజైమూ అక్కర్లేదు.

ఆ గ్లూకోజ్ పొడి డబ్బా వంటింట్లో ఫ్రిజ్ పక్క అలమరలో ఉంటుంది, ఎర్ర మూత. వేసవిలో తాతయ్యతో బీచ్‌కి వెళ్లేటప్పుడు కొంచెం పొట్లం కట్టి జేబులో వేసుకోండి.

ప్రేమతో,
అమ్మమ్మ